కళ్ళు రెండూ వదిలేసి

మూడో అంతస్తు గది

అక్కా,

ఫోనుండగా ఈ ఉత్తరాల గోలేమిటే అని విసుక్కుంటావని తెలుసు. మాకున్నది ఒక్కటే గది. నేనేం మాట్లాడినా మీ మరిదికి వినపడుతుంది, గోడ అవతలి వాళ్ళకి వినపడుతుంది, అందరికన్నా ముందు మా మిరియానికి వినపడుతుంది. దాని పాము చెవుల సంగతి నీకు కొత్తా? అందుకే లాండ్రీలో భోజనాల వేళ, హోటలు దుప్పట్ల బుట్ట బోర్లించి, దాని మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే తిట్టకు.

ఈ పరాయి దేశంలో పని బాగానే ఉంది. వేడి రోలరు కిందకి దుప్పటి తొయ్యడం, అవతల ఇంకో ఆవిడ అందుకోవడం. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. దుప్పటి మడతకి భాషతో పనేముంది? ఇద్దరం రోజంతా నవ్వుకుంటూనే ఉంటాం.

బెంగంతా మిరియం గురించే. ఇంట్లో వసపిట్టలా వాగే పిల్ల బడిలో పెదవి విప్పదట. చేరి ఇన్ని నెలలైనా ఒక్క మాట లేదట. బడి నుంచి ఇప్పటికి చాలాసార్లు కాగితాలొచ్చాయి. తల్లిదండ్రుల్ని రమ్మని. మేం వెళ్ళలేదు. మనకేం పని అక్కడ? చేర్పించిన రోజు గేటు దగ్గర టీచరమ్మకి దణ్ణం పెట్టి, పిల్లని అప్పజెప్పి వచ్చేశాం. మాటిమాటికీ వెళ్ళి తొంగిచూస్తే వాళ్ళకి పాఠం చెప్పడం నేర్పడానికొచ్చామనుకోరూ?

ఈసారి మాత్రం తప్పకుండా రావాలని రాశారు. మీ మరిది పనిచేసే గోడౌన్లో మేస్త్రీ చదివి చెప్పాడు. బడికి పిలిపించారంటే తిట్టడానికేగా అక్కా. నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. నువ్వు హెడ్మాస్టరువి. ఏం మాట్లాడాలో, ఎలా నిలబడాలో వెంటనే రాయి.

నీ చెల్లి

&nbsp;

స్టాఫ్ రూమ్, చివరి పీరియడు

ఒసేయ్ పిరికిదానా,

బడికి పిలిస్తే ఉరికంబానికి పిలిచినట్టు రాశావేమిటే? నా దగ్గరికి వచ్చే తల్లులు కూడా నీలాగే వణుకుతూ వస్తారు. నేనేమన్నా వాళ్ళని కొరుక్కు తింటానా?

సరే, చెబుతాను విను. ఏ ఊరైనా టీచరు టీచరే. మాకు ఒళ్ళు మండేది ఒక్కటే, పిల్లల్ని వెనకేసుకొచ్చే తల్లిదండ్రులు. "మా అమ్మాయి బంగారమండీ" అందంటే ఆ తల్లి మొహం మళ్ళీ చూడబుద్ధి కాదు. నువ్వు అలా అనకు. దానికసలే నువ్వు గారాబం చేశావు. నెత్తికెక్కించుకున్నారని వాళ్ళకి తెలిస్తే ఇంక దాని మీద శ్రద్ధ పెట్టరు. ఇంట్లో భయంలోనే పెంచుతున్నామని చెప్పు. వాళ్ళ మాటకి ఎదురు చెప్పకు. అన్నిటికీ తలూపు. తప్పు మాదేనండీ అను. అక్కడితో సగం కోపం పోతుంది.

చీర ఇస్త్రీ చేసుకుని వెళ్ళు. ఊరందరి దుప్పట్లూ ఇస్త్రీ చేసి నీది మాత్రం నలిగిపోయింది కట్టుకుపోతావు, నాకు తెలుసు.

మా బళ్ళోనూ కొత్తగా ఒక పిల్ల చేరింది. బిల్డింగు పనికి ఎక్కడినుంచో వలసొచ్చిన వాళ్ళ పిల్ల. మన భాష ముక్క రాదు. వెనక బెంచీలో కూర్చోబెట్టాను. నలుగురినీ చూస్తుంటే అదే వస్తుందిలే. మిరియానికీ అంతే, నువ్వు బెంగపడకు.

అక్క

&nbsp;

లాండ్రీ, భోజనాల వేళ

అక్కా,

వెళ్ళొచ్చాం! నీ నోట్లో పంచదార పొయ్యా, అంతా నువ్వు చెప్పినట్టే చేశాను.

చిన్న పిల్లల కుర్చీల్లో కూర్చోబెట్టారు. మీ మరిది మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. ఎదురుగా టీచరమ్మ, పక్కన ఇంకొకావిడ. బల్ల మీద ఒక ఫోను పెట్టారు. అందులోంచి ఎవరో మగమనిషి మన భాషలో మాట్లాడాడు. అడిగింది అడిగినట్టు చెప్పడం, చెప్పింది చెప్పినట్టు చేరవెయ్యడం, అంతే అతని పని. మీదే ఊరు బాబూ అని అడిగితే అది మాట్లాడకూడదన్నాడు.

టీచరమ్మ మంచిదే. చిన్నది, నీ కూతురంత ఉంటుంది. మిరియం గీసిన బొమ్మలు చూపించింది. నేను మురిసిపోలేదు. గీతలు వంకరగా ఉన్నాయండీ అన్నాను. తర్వాత, పిల్ల మాట వినకపోతే ఇంట్లో ఏం చేస్తారని అడిగింది. నాకు నువ్వు గుర్తొచ్చావు. కొడతామండీ అన్నాను. మీ మరిది నావైపు గుడ్లప్పగించి చూశాడు. కాలు తొక్కాను. దేంతో కొడతారని అడిగింది. చేతికి ఏది దొరికితే దాంతో అన్నాను. దాని ముంజేతి మీద మచ్చ ఏమిటని అడిగింది. మొన్న అన్నం గిన్నె మూత ముట్టుకుని కాల్చుకుందిగా, అదే. పిల్లని చూసుకోలేదంటారేమోనని, తప్పు మాదేనండీ అన్నాను. లేచేటప్పుడు రెండు చేతులూ జోడించి, ఇంక ఇది మీ బిడ్డండీ, మొహమాటపడకండి, కళ్ళు రెండూ వదిలేసి ఎక్కడ కొట్టినా మేం అడగం అని అప్పజెప్పాను.

ఫోన్లో అతను అదీ చెప్పినట్టే చేరవేశాడు. టీచరమ్మ అంతా రాసుకుంది అక్కా. ఒక్క ముక్క వదల్లేదు. అంత శ్రద్ధగా రాసుకుంటుంటే నాకెంత ధైర్యం వచ్చిందో. ఇంక పిల్లని పట్టించుకుంటారు.

మెట్లు దిగుతూ మీ మరిది, "దాని మీద ఈగ వాలితే ఏడుస్తావు, నువ్వా కొట్టేదానివి?" అని ఒకటే నవ్వు.

నీ చెల్లి

&nbsp;

ఇంటి నుంచి

చెల్లాయ్,

శభాష్. నా చెల్లెలివనిపించావు. ఆ మాట అన్నాక ఏ టీచరైనా కరిగిపోవాల్సిందే. ఇంక నిశ్చింతగా ఉండు. మిరియం నోరు విప్పాక మూయించడానికి మళ్ళీ నన్నే సలహా అడుగుతావు చూడు.

అక్క

&nbsp;

గది

అక్కా,

మిరియాన్ని తీసుకెళ్ళిపోయారు.

బడి వదిలే వేళకి గేటు దగ్గర నిలబడ్డాను. పిల్లలందరూ వచ్చేశారు. ఇది రాలేదు. లోపలికి తీసుకెళ్ళి ఒక గదిలో కూర్చోబెట్టారు. పిల్లల్ని కాపాడే ఆఫీసువాళ్ళట, ఇద్దరొచ్చారు. మళ్ళీ ఆ ఫోను పెట్టారు, ఈసారి ఆడగొంతు. పిల్ల క్షేమంగా ఉంది, వేరే వాళ్ళింట్లో ఉంది, విచారణ అయ్యేదాకా అక్కడే ఉంటుంది అని చెప్పింది. ఎవరిల్లు అంటే చెప్పకూడదంది. మీరు కొడతామని ఒప్పుకున్నారు కదా అంది. లేదమ్మా, ఊరికే అన్నాను, మేం దాన్ని ఎప్పుడూ కొట్టలేదు అన్నాను. మొన్న అలా చెప్పారు, ఇవాళ ఇలా చెబుతున్నారు అని అది కూడా రాసుకున్నారు.

దాని అన్నం డబ్బా మాత్రం నా చేతికిచ్చి పంపారు. సగం తిని వదిలేసింది.

ఏం చెయ్యాలి అక్కా. మీ మరిది గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

&nbsp;

ఇంటి నుంచి

చెల్లాయ్,

ఉత్తరం చదివినప్పటినుంచీ నా మనసు మనసులో లేదు. అయినా ఇదెక్కడి చోద్యమే? మాటవరసకి అన్నదానికి పిల్లని ఎత్తుకుపోతారా? నువ్వు ఇంకేమన్నా అన్నావా? నాకు రాయనిది ఏదన్నా ఉందా? చేతికి ఏది దొరికితే దాంతో అని నిన్ను ఎవరు అనమన్నారు? భయంలో పెంచుతున్నామని చెప్పమన్నాను గానీ లేనిపోనివి కల్పించమన్నానా? చిన్నప్పటినుంచీ నీకిదే జబ్బు, గోరంత చెబితే కొండంత చేస్తావు.

వెంటనే వెళ్ళి ఆ టీచరు కాళ్ళ మీద పడు. పెద్ద మనసు చేసుకోమను. ఏ సంగతీ నాకు వెంటనే తెలియాలి.

అక్క

&nbsp;

లాండ్రీ

అక్కయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. ఏ సంగతీ వెంటనే తెలియాలన్నారు కాబట్టి రాస్తున్నాను.

కాళ్ళ మీద పడ్డాను. టీచరమ్మ బెదిరిపోయి వెనక్కి జరిగింది. ఆవిడ కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి. అది కూడా రాసుకున్నారు.

వారానికోసారి ఒక గదిలో పిల్లని చూపిస్తారు. నేల మీద తివాచీ, బొమ్మల బుట్ట, మూలన ఒకావిడ కూర్చుని ఉంటుంది. మేం ఏం మాట్లాడుకున్నా ఆవిడకి అర్థం కావాలట. అందుకని మన భాషలో మాట్లాడకూడదు. ఇక్కడి భాషలో నాకు వచ్చింది ఎంత? మంచిది, వేడి, చల్లన, జాగ్రత్త, అయిపోయింది. రోలరు దగ్గర నేర్చుకున్న మాటలు. కన్నబిడ్డని ఎదురుగా పెట్టుకుని మంచిది, మంచిది అంటూ కూర్చున్నాను. తిన్నావా తల్లీ అని అడగలేకపోయాను. మీ మరిదిగారికి ఆ నాలుగు మాటలు కూడా రావు. ఆయన దాని కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని బూట్ల తాళ్ళు విప్పడం, కట్టడం, విప్పడం, కట్టడం. టైమైపోయేదాకా అదే చేశారు.

మొదటివారం అది నా చెవిలో "ఇంటికెళదామమ్మా" అంది. మూలనున్నావిడ చెయ్యెత్తి వారించింది. రెండోవారం నుంచి అది చెవిలో చెప్పడం మానేసింది.

దాని జడ కత్తిరించేశారు. వాళ్ళింట్లో దువ్వేవాళ్ళు లేరేమో.

గోరంత చెబితే కొండంత చేశానని రాశారు. గారాబం చేశానని తెలిస్తే శ్రద్ధ పెట్టరని నాకు నేర్పింది ఎవరు? అలా అన్నాక శభాష్ అని రాసింది ఎవరు? నాకు చదువు లేదు. మీకుందని మీరు చెప్పింది వేదమనుకున్నాను. ఇంక నాకు సలహాలు రాయకండి.

ఇట్లు

&nbsp;

బడి నుంచి

చెల్లీ,

గారు పెట్టి రాశావు. చెంప మీద కొట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు. కానీ నువ్వు రాసింది నిజం. నేర్పింది నేనే. నీమీద అరిచింది కూడా, నాది తప్పని తెలిసిపోయే అరిచాను.

సలహా కాదు, జరిగింది చెబుతాను. చదవాలనిపిస్తే చదువు.

ఆ వలస పిల్ల ఉందని రాశాను గదా, వెనక బెంచీ పిల్ల. నీ ఉత్తరం వచ్చాక దాని మొహం చూడలేకపోయాను. అది కూడా మాట్లాడదు. దాని తండ్రిని పిలిపించాను. సిమెంటు చేతులతోనే వచ్చాడు. కుర్చీలో కూర్చోమంటే కూర్చోడు. నేను నోరు తెరవకముందే దణ్ణం పెట్టి, చెయ్యి కర్రలా ఊపి, కొట్టండి అని సైగ చేశాడు. వాళ్ళ భాషా మన భాషా వచ్చిన లారీ డ్రైవరుంటే బతిమాలి తీసుకొచ్చి, మనం కూర్చుందాం అని ముగ్గురం నేల మీదే కూర్చున్నాం. ఇంట్లో కొడతావా అని అడిగించాను. కొడతాను అన్నాడు, వెంటనే. మళ్ళీ అడిగించాను. నేనేమీ అనుకోను, నిజం చెప్పు అన్నాను.

అతను తల వంచుకున్నాడు. "తల్లి లేని పిల్లమ్మా, ఎక్కడ కొడతాను? కొట్టనంటే పట్టింపు లేనివాణ్ణనుకుంటారు, అప్పుడు మీరూ పట్టించుకోరు" అన్నాడు.

ఇన్నేళ్ళ సర్వీసులో ఆ ప్రశ్న రెండోసారి అడగాలని నాకు తోచలేదే. కొట్టండనే మాటని నిజమనుకుని నేను వాతలు తేల్చిన పిల్లలు కూడా ఉన్నారు. అందుకే మీ బడివాళ్ళు భయపడ్డారంటే పూర్తిగా తప్పనలేకపోతున్నాను. వాళ్ళు రాసుకున్నారు, నేను నేరుగా బెత్తం తీశాను. అడగనిది ఇద్దరమూ.

ఇదంతా మీ బడికి రాశాను. టీచరుకి టీచరు రాసినట్టుగా. బిడ్డని అప్పజెప్పేటప్పుడు మన తల్లులు ఆ మాట ఎందుకంటారో, భయంలో పెంచుతున్నామని చెప్పమని నా చెల్లెలికి నేర్పింది నేనేనని రాశాను. మా ఇంగ్లీషు మాస్టారు దిద్దిపెట్టాడు. వాళ్ళకి అందాక ఏం చేస్తారో తెలియదు.

నన్ను అక్కా అని పిలవకపోయినా సరే, మిరియం ఇంటికి రావాలి.

అక్క

&nbsp;

గది

అక్కా,

అలా పిలవకుండా ఎన్నాళ్ళుంటాను? నోరు ఊరుకోదు.

నీ ఉత్తరం వాళ్ళు చదివారు. బడి నుంచి ఒకావిడ ఇంటికి వచ్చింది. పాఠాలు చెప్పదు, పిల్లల ఇళ్ళకి వెళ్ళడమే ఆవిడ పని. ఇప్పుడే ఆ ఉద్యోగం పెట్టారట. వెంట ఒక పెద్దావిడని తీసుకొచ్చింది, మన భాషావిడ. ఫోన్లో గొంతులా కాదు, మనిషి. మా మంచం మీదే కూర్చుంది. మాటలు అప్పజెప్పి ఊరుకోలేదు. ఆ మాట మావాళ్ళు ఎందుకంటారో నేనూ చెబుతానండీ అని తనే పూనుకుని చెప్పింది. మా నాన్న కూడా మా పంతులుగారితో ఇదే అన్నాడు, ఒక్కనాడూ చెయ్యెత్తి ఎరగడు అంది. నేను ఆవిడ ఒళ్ళో తలపెట్టి ఏడ్చాను అక్కా, ఎవరో ఏమిటో తెలియకుండానే.

బడావిడ గిన్నె మూత చూసింది, దాని బొమ్మలు చూసింది, మీ మరిది మిరియానికి నేర్పుతూ గోడ మీద సుద్దతో రాసిన అక్షరాలు చూసింది. వెళ్ళేటప్పుడు, మొదటి రోజే మీ ఇంటికొచ్చి ఇలా కూర్చుని అడగాల్సింది, అలా చెయ్యలేదు, మమ్మల్ని మన్నించండి అంది. బడివాళ్ళు నాకు మన్నించమని చెప్పడమేమిటి?

ఇప్పుడు ఆ గదిలోకి పెద్దావిడ కూడా వస్తోంది, మన భాషలో మాట్లాడుకోనిస్తున్నారు. ఆఫీసువాళ్ళు ఇంకా రెండు మూడుసార్లు వస్తారట. తర్వాత పంపిస్తారట. గది కడుగుతున్నాను, తుడుస్తున్నాను. కడిగింది కడిగినట్టే ఉంది, మళ్ళీ కడుగుతున్నాను.

నీ చెల్లి

&nbsp;

ఇంటి నుంచి

నా చెల్లాయికి,

మిరియం ఇంటికి వచ్చేసిందని మీ మరిది ఫోన్లో చెప్పిన క్షణం నుంచీ కాలు నేల మీద నిలవడం లేదు. అదేమిటో, నా మరిదిని నీ మరిదిని చేసేశాను, అంత సంతోషం. ఏది, దాని నోటితో పెద్దమ్మా అని ఒక్కసారి అనిపించు. ఫోను దగ్గరికి రాదంటాడేమిటి అతను? నిద్రపోతోంది, ఆడుకుంటోంది, తర్వాత చేయిస్తాను, ఎప్పుడూ ఇదేనా? నువ్వూ రాయడం లేదు. గండం గడిచింది కదే. ఇంక ఏడుపు మొహం మాని, వివరంగా రాయి. వెనక బెంచీ పిల్ల ఇప్పుడు నా కుర్చీ పక్కనే కూర్చుంటోంది. నా కళ్ళజోడు తనే తుడిచి పెడుతుంది.

అక్క

&nbsp;

గది

అక్కా,

ఏం రాయాలో తెలియక రాయలేదు.

వచ్చింది. బాగానే ఉంది. ఒళ్ళు చేసింది కూడా, వాళ్ళు బాగానే చూసుకున్నారు. బడిలో ఇప్పుడు మాట్లాడుతోందట. శనివారాలు తల్లిదండ్రులకి ఒక గది ఇచ్చారు. పెద్దావిడ ఉంటుంది, నాలాంటి వాళ్ళు వస్తారు, అడగాల్సింది అడుగుతారు. కొత్తగా వచ్చినవాళ్ళకి నన్నే చెప్పమన్నారు, ఏమని చెప్పాలో. కొడతామని అనకండి అని చెబుతున్నాను. వాళ్ళు నవ్వుతున్నారు, నేనూ నవ్వుతున్నాను.

ఇంట్లో మాత్రం మిరియం చాలా బుద్ధిగా ఉంటోంది. తిన్న కంచం తనే కడుగుతుంది. అడగందే మంచినీళ్ళు కూడా తాగదు. మునుపు ఎంత గొడవ చేసేది, అన్నం ముద్ద చేతిలో పట్టుకుని గదంతా దాని వెనక తిరిగేదాన్ని. ఇప్పుడు పిలవగానే వచ్చి కూర్చుంటుంది. మీ మరిది దాన్ని చూసి బయటికి వెళ్ళిపోతాడు.

నిన్న పొద్దున్న బడికి తల దువ్వుతున్నాను. జుట్టు కొంచెం పెరిగింది, చిన్న పిలక వస్తోంది. దువ్వెన పట్టుకున్న చెయ్యి ఎత్తాను. అది తల తిప్పి నా చెయ్యి కేసి చూసింది. భయపడిందేమో అనుకున్నాను. భయం కాదక్కా. ఏదో గుర్తు తెచ్చుకోవాలని చూస్తోంది.

"అమ్మా, నువ్వు నన్ను ఎప్పుడు కొట్టావు?" అని అడిగింది.

ఎప్పుడూ కొట్టలేదు నా తల్లీ అన్నాను. ఒట్టు పెట్టాను. ఊరికే అలా చెప్పాను, అబద్ధం చెప్పాను, పెద్దవాళ్ళు ఒక్కోసారి అలా అంటారు అన్నాను. పూర్తిగా విన్నది. వాళ్ళు రోజూ అడిగేవారట అక్కా. బడిలో, ఆఫీసులో, ఆ ఇంట్లో. మెల్లగా, ప్రేమగా, బొమ్మలిచ్చి అడిగేవారట. అమ్మ ఎప్పుడు కొట్టింది, ఎక్కడ కొట్టింది, దేంతో కొట్టింది అని. ఇది తెలియదని చెప్పేదట. పర్వాలేదు, గుర్తొచ్చినప్పుడు చెప్పు అనేవారట. ఆ ఇంట్లో మంచం మీద పడుకుని గుర్తు తెచ్చుకోవడానికి చూసేదట.

నేను దువ్వడం ఆపేశాను. అది నా చేతిలోంచి దువ్వెన తీసుకుని, తనే పిలక సరిచేసుకుని, నా భుజం మీద చెయ్యి వేసింది.

"అంతమంది అడిగారు కదమ్మా, కొట్టే ఉంటావు. నేనే మర్చిపోయాను. పర్లేదులే, నాకు కోపం లేదు" అని, సంచి భుజాన వేసుకుని నాకంటే ముందు మెట్లు దిగింది.

నీ చెల్లి